ఆకుల్లో చరిత్ర చదివిన సాహ్ని

ఆచార్య బీర్బల్ సాహ్ని 1891 నవంబరు 14న, నేటి పాకిస్తాన్‌లోని భేరాలో జన్మించారు. కేంబ్రిడ్జిలో చదివి, 1921 నుండి లక్నో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం బోధించారు. రాతిలో అచ్చుపడిన ఆకును బట్టి ఒకనాటి అడవినీ, ఎండావానలనూ పోల్చుకునేవారు. పల్లపు వెచ్చదనంలో పెరిగే చెట్ల ఆకులు చలికొండల ఎత్తున రాళ్ళలో దొరికితే, ఆ నేల తరువాత పైకి లేచి ఉండవచ్చు. మానవుడు పుట్టాక కూడా హిమాలయాలు పెరిగాయని 1936లో ఆయన వాదించారు.

లక్నోలో ఆయన నెలకొల్పిన పురావృక్షశాస్త్ర సంస్థ భవనానికి 1949 ఏప్రిల్ 3న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. ఆ రాతిలో శిలాజాలు పొదిగించినది సాహ్ని గారే. వారానికే, 10న, ఆయన గుండెపోటుతో కన్నుమూశారు. భార్య సావిత్రి గారు ఆ బాధ్యత తలకెత్తుకున్నారు. సంస్థ నేటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది.