పగ్గము లేని చక్రము

బాపట్లనుండి సూర్యలంక సముద్రతీరమునకు పోవు త్రోవయందుగాని, తెనాలి, రేపల్లె ప్రాంతముల కాలువగట్ల వెంటగాని సైకిలుపై పోవువానికి ఒక సుఖము కలదు. కొంతసేపు బలముగా తొక్కి, పిమ్మట కాళ్ళు కదల్పక ఊరకుండినను బండి తనంతట కొంతదూరము సాగిపోవును. వెనుక చక్రమునందలి ఫ్రీవీలు సన్నగా చిటచిటమని మ్రోగుచుండును. ఎదుట పశువుల మంద అడ్డమువచ్చినచో చేతి బ్రేకు నొక్కిన చాలును. ఈ రెండు సౌకర్యములును నేటి విద్యార్థికి పుట్టుకతో వచ్చినట్లు తోచును.

కాని సైకిలుతోపాటు ఇవి పుట్టలేదు. పందొమ్మిదవ శతాబ్దము చివరివరకు సామాన్యముగా పెడళ్ళు చక్రముతో బిగింపబడియే యుండెడివి. చక్రము తిరిగినంతసేపు పెడళ్ళు తిరుగును. పెడళ్ళు తిరిగినంతసేపు కాళ్ళును తిరుగవలసినదే. పల్లమునందును విశ్రాంతి లేదు. బండిని నిలుపవలెనన్నచో, పైకి లేచుచున్న పెడలును కాలిబలముతో అణచిపట్టి, వేగమును క్రమక్రమముగా తగ్గింపవలయును. పందెపు బండ్లకు బ్రేకు అసలే ఉండదు. గుంపుగా పోవుచున్నప్పుడు ఒకడు హఠాత్తుగా బండి నాపినచో వెనుకవారందఱు అతనిపై కూలుదురు గనుక, పందెపు వలయమున బ్రేకు లేకుండుటయే క్షేమమని ఎంచిరి. నేటికిని ఆ వలయములలో ఇదియే పద్ధతి.

అట్టి పగ్గము లేని బండిపై లోకమును జయించిన ఘనుడు మార్షల్ వాల్టర్ టేలర్. మేజర్ టేలర్ అని లోక మతనిని పిలిచెను.

అతడు 1878 నవంబరు 26వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఇండియానాపోలిస్ నగరమున జన్మించెను. నల్లజాతికి చెందిన పేద కుటుంబము. ఎనమండుగురు సంతానము. తండ్రి గిల్బర్ట్ అంతర్యుద్ధమున సైనికుడుగా పనిచేసి, పిమ్మట సదర్డ్ అను ధనిక కుటుంబమున గుఱ్ఱపుబండి తోలుచుండెను. ఆ యింటి బాలునకు మార్షల్ ఆటతోడుగా కుదిరెను. ఇద్దఱును కలసి ఆడిరి, కలసి చదివిరి. ఆ యింటివారే మార్షల్‌కు ఒక సైకిలును ఇచ్చిరి. కొన్నేండ్లకు సదర్డ్ కుటుంబము చికాగో నగరమునకు తరలిపోగా, బాలుడు తన పేదయింటికి తిరిగివచ్చెను. చేతిలో మిగిలినది సైకిలు మాత్రమే. దానిపై ఇల్లిల్లు తిరిగి వార్తాపత్రికలు పంచి నాలుగు డబ్బులు సంపాదించుచుండెను.

ఊరిలోని సైకిళ్ళ దుకాణమువారు అతని నేర్పును చూచి పనిలో పెట్టుకొనిరి. దుకాణము ముంగిట సైనికుని దుస్తులు ధరించి, సైకిలుపై విన్యాసములు చేసి జనమును ఆకర్షించుట అతని పని. ఆ దుస్తులను చూచి జనులు మేజర్ అని పిలువసాగిరి. ఆ పేరు కడదాక నిలిచెను. పదుమూడేండ్ల ప్రాయమున పదిమైళ్ళ పందెమున దుకాణమువారు అతనిని వేడుకకు నిలిపిరి. వేడుక నిజమయ్యెను. బాలుడు గెలిచి బంగారు పతకముతో ఇల్లు చేరెను.

పూర్వము పందెగాడై తరువాత సైకిళ్ళు తయారుచేయు వృత్తి చేపట్టిన లూయీ మంగర్ అను శ్వేతజాతీయుడు టేలర్‌ను చేరదీసి శిక్షణ నిచ్చెను. 1895 జూన్ 30వ తేదీన ఇండియానాపోలిస్ సమీపమున 75 మైళ్ళ రోడ్డు పందెము జరిగెను. అది చదునైన వలయము కాదు. బండ్లు తిరుగు బాట. తోడి పందెగాండ్రు దారిపొడవునను టేలర్‌ను బెదరించుచుండిరి. కడపట గమ్యము చేరినవాడు అతడొక్కడే. అప్పటి కతనికి పదునాఱేండ్లు. ఆ యేడే మంగర్‌తో కూడ మాసచూసెట్స్ రాష్ట్రములోని వూస్టర్ నగరమునకు తరలిపోయెను. అచ్చట జార్జి వీధి అను నిటారైన ఎత్తు కలదు. ఆ ఎత్తున కెక్కుచు దిగుచు అతడు కాళ్ళకు బలము నలవఱచుకొనెను. పైకెక్కుట కష్టము, బిగింపు పెడళ్ళ బండిపై క్రిందికి దిగుట అంతకంటె కష్టము.

ఆ కాలమున అమెరికాలో సైకిలు పందెములకు ఉండిన ఆదరము ఇంతింతనరానిది. వేలకొలది జనులు చూడవచ్చెడివారు. కాని సైకిలు పందెములపై అధికారము చెలాయించిన జాతీయ సంఘము 1894లోనే నల్లవారికి సభ్యత్వము నిషేధించెను. 1896 ఆగస్టులో టేలర్ స్వస్థలములోని పందెపు వలయమున అనధికారముగా ఒక కొత్త వేగమును సాధింపగా, బహుమానమునకు మారుగా ఆ వలయమున మరల కాలుపెట్టరాదను శాసనము లభించెను. అదే సంవత్సరము డిసెంబరులో న్యూయార్కు నగరములోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆఱుదినముల పందెమున పాల్గొని, 1,732 మైళ్ళు తొక్కి ఎనిమిదవవాడుగా నిలిచెను. కుఱుచ దూరముల వేగగాడు అంతటి దీర్ఘయాతనకు ఓర్చుట చూచి జనులు విస్తుపోయిరి.

అతనికి పందెములలో ఎదురైన ముఖ్యశత్రువు వేగము కాదు. శ్వేతజాతి పందెగాండ్రు కొందఱు జట్టుకట్టి, ముందొకడు, ప్రక్కనొకడు, వెనుకనొకడుగా అతనిని నడుమ బంధించెడివారు. గంటకు 30 మైళ్ళ వేగమున పోవు బండి సెకనునకు 44 అడుగులు సాగును. బ్రేకు లేదు, కాళ్ళు నిలుపుటకు వీలులేదు. ముందువాని వెనుక చక్రమును తాకినచో పతనము తప్పదు. అట్టి బంధమున చిక్కినవాడు బెదరక, కాళ్ళతోనే వెండ్రుకవాసి వేగము తగ్గించి, ఎచ్చట జానెడు సందు దొరకునో కనిపెట్టి, ఆ క్షణముననే దూసుకొని పోవలయును. టేలర్ ఈ విద్యలో ఆఱితేఱెను. బండిని కాళ్ళతో అదుపుచేయుటయేగాక మనస్సునుగూడ అదుపుచేయగలిగినవాని కే ఆ సందు కనబడును.

1897 సెప్టెంబరులో టాంటన్ పట్టణమున పందెము ముగిసిన వెంటనే, ఓడిన పందెగాడొకడు టేలర్ మీదపడి, స్పృహ తప్పువఱకు గొంతు నులిమెను. అపరాధికి పడిన శిక్ష ఏబది డాలర్ల జరిమానా. ఆ యేటనే దక్షిణ రాష్ట్రముల నిర్వాహకులు టేలర్‌ను పందెములకు రానీయకపోవుటచే, జాతీయ విజేత పదవికై పోటీపడు అవకాశమే అతనికి లేకపోయెను. పెక్కు ఊళ్ళలో భోజనశాలలు అన్నము పెట్టలేదు. వసతిగృహములు గది ఇయ్యలేదు. ఇన్నిటికిని అతడు చేయెత్తలేదు. మద్యము ముట్టలేదు. దైవభక్తురాలైన తల్లి బోధను తలచి, ఆదివారమున పందెమాడనని నియమము పెట్టుకొనెను. ఆ నియమమువలన ఎంతో ధనము పోయినను, పందెములలో సరిపోవలసిన మార్కులు తగ్గినను, చాలకాలము దానిని విడువలేదు.

1899 ఆగస్టు 10వ తేదీన కెనడాలోని మాంట్రియల్ నగరమున ఒక మైలు పందెమున టేలర్ ప్రపంచ విజేతయయ్యెను. ఏ క్రీడయందైనను ప్రపంచ విజేత పదవి నొందిన నల్లజాతివారిలో, ముష్టియుద్ధవీరుడు జార్జి డిక్సన్ తరువాత అతడే రెండవవాడు. ఆ సంవత్సరము నవంబరులో చికాగోలో, ఆవిరి యంత్రపు బండి ముందు సాగి గాలిని చీల్చుచుండగా దాని వెనుక తొక్కి, ఒక మైలును 1 నిమిషము 19 సెకనులలో దాటెను. అనగా గంటకు 45 మైళ్ళకు మించిన వేగము. 1900లో అమెరికా జాతీయ విజేత పదవియు దక్కెను.

1901లో ఐరోపా ఖండమునుండి పిలుపు వచ్చెను. అంతకుముందు వచ్చిన పిలుపులను, ఆదివారపు పందెములుండుటచే, అతడు నిరాకరించియుండెను. ఈసారి ఆ నిబంధన తొలగింపగా సమ్మతించెను. పారిస్ నగరమున ఫ్రాన్సు దేశపు మహావీరుడు, 1900 సంవత్సరపు ప్రపంచ విజేత యగు ఎడ్మండ్ జాక్లిన్‌తో మే నెలలో పోటీ జరిగెను. తొలి పోటీలో టేలర్ ఓడెను. పదునొకండు దినములకు మరల తలపడి గెలిచెను. జర్మనీ, డెన్మార్కు, బెల్జియము దేశముల మేటి పందెగాండ్రును అతని చేత నోడిరి. స్వదేశమున భోజనమునకై గుమ్మము గుమ్మము తిరిగినవానికి పరదేశమున ప్రజలు వీథులలో జేజేలు పలికిరి.

1902లో డైసీ మారిస్ అను యువతిని వివాహమాడెను. తరువాత ఆస్ట్రేలియా ఖండమున రెండు పర్యాయములు పందెములాడెను. 1904లో సిడ్నీ నగరమున జన్మించిన కుమార్తెకు ఆ నగరముపేరు కలిసివచ్చునట్లు రీటా సిడ్నీ అని నామకరణము చేసిరి. కాని ద్వేషము సముద్రములు దాటి వచ్చెను. అక్కడికి వచ్చిన అమెరికా పందెగాండ్రు మరల జట్టుకట్టిరి. ఏండ్ల తరబడి అణచుకొన్న వేదన శరీరమును, మనస్సును క్రుంగదీయగా, టేలర్ రెండేండ్లకు పైగా పందెములు మానవలసివచ్చెను. 1907లో మరల చక్రమెక్కి, 1910లో శాశ్వతముగా విరమించెను.

విరమించిన పిమ్మట అదృష్టము అతనిని విడిచెను. పెట్టిన వ్యాపారములు నష్టపడెను. ఆరోగ్యము చెడెను. ఆస్తి కరగెను. తన జీవితకథను గ్రంథముగా వ్రాసి, 1928లో సొంతధనముతో ముద్రించి, తానే ఇల్లిల్లు తిరిగి అమ్ముకొనెను. బాల్యమున పత్రికలు పంచినట్లే వార్ధక్యపు గడపలో పుస్తకములు పంచెను. ఆ గ్రంథమున తనకు జరిగిన అన్యాయముల నన్నిటిని పేరుపేరున చెప్పెను. చేసినవారిపై పగ మాత్రము చూపలేదు. భార్య దూరమయ్యెను. 1932 జూన్ 21వ తేదీన చికాగోలోని ధర్మాసుపత్రిలో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, టేలర్ కన్నుమూసెను. అనాథల నడుమ, శిలాఫలకమైన లేకుండ, పాతిపెట్టిరి.

1948లో పూర్వపు పందెగాండ్రు కొందఱు పూనుకొని, సైకిళ్ళ తయారీదారు ఫ్రాంక్ ష్విన్ ధనసహాయము చేయగా, అతని అస్థులను గౌరవప్రదమైన స్థలమునకు తరలించిరి. 1982లో ఇండియానాపోలిస్ నగరమున అతని పేరనే ఒక పందెపు వలయము వెలసెను. ఒకప్పుడు ఆ నగరపు వలయమే అతనిని వెలివేసియుండెను. 2008లో వూస్టర్ నగర గ్రంథాలయము ముంగిట అతని స్మారకశిల్పము నెలకొల్పబడెను.

నేడు కొన్ని మహానగరములలో యువకులు బిగింపు పెడళ్ళ బండ్లను బ్రేకు తొలగించి రోడ్లపై నడుపుట వేడుకగా చేసికొనిరి. పందెపు వలయమున ఎదురు వచ్చువాడు లేడు. రోడ్డుమీద బడికి పోవు పిల్లలును, కళ్ళు కానరాని వృద్ధులును ఉందురు. అందుచేతనే ఇంగ్లండు మున్నగు దేశములలో రోడ్డుపై తిరుగు సైకిలుకు బ్రేకు ఉండితీరవలెనని చట్టము చేసిరి. బ్రేకు లేని బండి నెక్కుట సాహసముగా తోచవచ్చును. టేలర్ ఎక్కినది అట్టి బండినే. కాని అతడు జీవితమంతయు సాధన చేసినది పరుగు మాత్రమే కాదు. కాలితో వేగమును, ఓర్పుతో కోపమును తానే తగ్గించుకొని, సందు దొరకినప్పుడు ముందుకు సాగుటను అతడు నేర్చెను. బాపట్ల త్రోవలో బ్రేకు నొక్కి పశువులకు దారి యిచ్చు విద్యార్థికి ఆ సాధనలో కొంత అప్పుడే అలవడినట్లు.