బూజును నమ్ముకున్న శాస్త్రజ్ఞుడు

రాత్రి రుబ్బి ఉంచిన ఇడ్లీపిండి తెల్లవారేసరికి పొంగి ఉంటుంది. కంటికి కనిపించని సూక్ష్మజీవులు చేసే పని అది. వాటిలో తయారయ్యే ఎంజైములు ఒక పదార్థాన్ని మరొక పదార్థంగా త్వరగా మారుస్తాయి. అటువంటి ఎంజైమును బూజు నుండి వేరుచేసి, పెద్ద ఎత్తున తయారుచేసి చూపినవాడు జోకిచి టకామినె.

టకామినె 1854లో జపానులోని టకఓకా పట్టణంలో జన్మించాడు. తండ్రి వైద్యుడు. తల్లి పుట్టింటివారు బియ్యంతో 'సాకే' అనే మద్యం తయారుచేసేవారు. అందుకోసం ఉడికించిన బియ్యం మీద ఒక రకం బూజును పెంచుతారు. దానినే 'కోజి' అంటారు. బియ్యంలోని పిండిపదార్థాన్ని అది చక్కెరగా మారుస్తుంది. తరతరాల ఈ ఇంటివిద్యే తరువాత టకామినెకు ఆధారమైంది.

టోక్యోలో ఇంజనీరింగు విద్య ముగించి, అతడు స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో పైచదువులు చదివాడు. 1884లో ఒక ప్రదర్శనకు జపాను ప్రతినిధిగా అమెరికా వెళ్ళి, కరోలిన్ హిచ్ అనే యువతిని కలుసుకొని, 1887లో ఆమెను వివాహమాడాడు. 1890లో కుటుంబంతో అమెరికా చేరాడు.

ఆ దేశంలో విస్కీ తయారీకి బార్లీ గింజలను మొలకెత్తించి ఎండబెట్టేవారు. దానికి ఎన్నో రోజులు పట్టేది. టకామినె చౌకగా దొరికే గోధుమ తవుడు మీద కోజిని పెంచాడు. రెండు రోజులలోనే పని పూర్తయ్యేది. పియోరియా పట్టణంలోని విస్కీ వ్యాపారులు సంతోషించి అతణ్ణి పిలిపించారు. కాని మొలక బార్లీ తయారుచేసేవారు మండిపడ్డారు. వారి భయం అకారణమైనది కాదు. కొత్త పద్ధతి నెగ్గితే వారి బ్రతుకుతెరువు పోతుంది. 1891లో టకామినె ప్రయోగాలు సాగిన కర్మాగారం అగ్నికి ఆహుతి అయింది. పైగా అతడు కాలేయ వ్యాధితో మంచం పట్టాడు. విస్కీ ప్రయత్నం క్రమంగా మూలబడింది.

అయినా బూజు మీద అతని నమ్మకం చెదరలేదు. బూజు పట్టిన తవుడును నీటిలో నానబెట్టి, వడగట్టి, ఆ నీటిలో ఆల్కహాలు కలిపితే ఎంజైము పొడిగా అడుగుకు చేరింది. 1894లో దీనికి పేటెంటు లభించింది. సూక్ష్మజీవుల ఎంజైముకు అమెరికాలో దక్కిన తొలి పేటెంటు ఇదే అంటారు. అన్నం అరగనివారికి ఆ పొడి 'టాకా డయాస్టేజ్' అనే మందుగా అమ్ముడుపోయింది. జపాను రచయిత సోసెకి నవలలో ఒక ఉపాధ్యాయుడు కూడా దీనినే మింగుతాడు!

1917లో బోయిడిన్, ఎఫ్రాంట్ అనేవారు బాక్టీరియా నుండి ఇటువంటి ఎంజైమును తయారుచేసే పద్ధతికి పేటెంటు పొందారు. నేతకు ముందు నూలుకు పట్టించిన గంజిని వదలగొట్టడానికి ఆ ఎంజైములు ఉపయోగపడ్డాయి. ఆమ్లాలు వాడితే నూలు దెబ్బతింటుంది, కాలువలలోకి పోయే నీరూ పాడవుతుంది. ఎంజైము గంజిని మాత్రమే కరిగిస్తుంది.

1900 ప్రాంతంలో సహాయకుడు ఉయెనాకాతో కలసి టకామినె అడ్రినలిన్ అనే హార్మోనును శుద్ధరూపంలో వేరుచేశాడు.

అమెరికాలో ముప్పది ఏండ్లకు పైగా నివసించినా, ఆనాటి చట్టం జపానీయులకు పౌరసత్వం ఇవ్వలేదు. వాషింగ్టన్ నగరానికి చెర్రీ మొక్కలు బహూకరించే ప్రయత్నానికి మాత్రం అతడు చేయూతనిచ్చాడు. 1910లో వచ్చిన మొక్కలకు చీడ పట్టి ఉండటంతో వాటిని కాల్చివేశారు. 1912లో మరల 3,020 మొక్కలు వచ్చాయి. టకామినె 1922లో న్యూయార్కులో మరణించాడు. వాషింగ్టన్‌లో ఆ చెర్రీ చెట్లు ఏటా వసంతంలో పూస్తూనే ఉన్నాయి.