గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు

తుంగభద్రానది మంత్రాలయ క్షేత్రమును ఒరసికొని తూర్పుగా ప్రవహించి కర్నూలు పట్టణమును చేరును. నది చెంతనే యున్నను ఈ ప్రాంతమునకు నీటి యెద్దడి తప్పలేదు. నల్లరేగడి చేలలో జొన్నయు, కొఱ్ఱయు, ప్రత్తియు పండించు రైతు ఆకాశమువంక చూచుచు కాలము గడపవలసినదే. వాన కురిసిన పంట, కురియనిచో కఱవు. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన ధాత కఱవు కర్నూలు, కడప, బళ్ళారి మండలములను శ్మశానప్రాయములుగా జేసెను. ఆ కఱవు చల్లారిన అయిదేండ్లకు, 1883 వ సంవత్సరము సెప్టెంబరు 14 వ తేదీన, కర్నూలులో ఒక పేద కుటుంబమున గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు జన్మించిరి. వీరి తల్లి భాగీరథీబాయి, తండ్రి వెంకటరావు. వీరి పూర్వుల స్వగ్రామము కడప మండలములోని సింహాద్రిపురము.

ఇంట కలిమి లేదు. బాలునకు చదువుమీది మక్కువ మాత్రము మెండు. కర్నూలు, గుత్తి, నంద్యాలలలో వీరి తొలిచదువు సాగెను. ఆ దినములలో పేదవానికి పైచదువు అందని మ్రానిపండు. రావుగారు విద్యార్థి వేతనముల సాయమున ఒక్కొక్క మెట్టే యెక్కి, మద్రాసు చేరి, 1906 లో ఎం. ఏ. పట్టము పొందిరి. అంతటి పట్టము పొందినవారు అప్పుడు మద్రాసు రాజధానిలో వ్రేళ్ళపై లెక్కింపదగినంత మందియే. కోరినచో పెద్ద యుద్యోగము, సుఖజీవనము వారికి చేతికందునంత దూరములో నుండెను.

ఉపాధ్యాయవృత్తికి శిక్షణము పొందుటకై వారు రాజమహేంద్రవరములోని శిక్షణ కళాశాలలో చేరిరి. అప్పటికి బంగాళ విభజనము వలన దేశమంతటను వందేమాతరోద్యమము చెలరేగుచుండెను. 1907 ఏప్రిల్ మాసమున బిపినచంద్రపాల్ రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించెను. విద్యార్థులు వందేమాతర చిహ్నములు ధరించి తరగతులకు పోయిరి. కళాశాలాధికారులు దానిని సహింపలేదు. విద్యార్థులకు నాయకులుగా నిలిచిన రావుగారు కళాశాలనుండి బహిష్కృతులైరి; ప్రభుత్వోద్యోగమునకు తగరని శాసింపబడిరి. ఎన్నో యేండ్ల శ్రమచే సంపాదించిన చదువునకు ఫలము ఒక్క దినములో చేజాఱిపోయెను. వారు క్షమాపణము వేడలేదు, వెనుకకు చూడలేదు.

ఆ సంవత్సరముననే రావుగారి తొలి గ్రంథము వెలువడెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మున్నగు పెద్దలు 1906 లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, తెలుగున శాస్త్రములను, చరిత్రములను ప్రకటింప బూనిరి. ఆ మండలి ప్రకటించిన మొదటి పుస్తకము రావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. కట్టెల గుడిసెలో పుట్టి, ఇరుగుపొరుగువారి పుస్తకములను ఎరవు తెచ్చుకొని చదివి, అమెరికా దేశాధ్యక్షుడైన ఆ మహనీయుని కథ వ్రాయుటకు, విద్యార్థి వేతనములతో చదువుకొన్న ఈ కర్నూలు యువకుడు తగినవాడే కదా!

1908 లో రావుగారు బెజవాడనుండి స్వరాజ్య యను వారపత్రికను నడుప నారంభించిరి. తిరునల్వేలిలో ప్రజలపై కాల్పులు జరిగినపుడు ప్రభుత్వమును తీవ్రముగా ఖండించుచు ఆ పత్రికలో విపరీతబుద్ధి యను వ్యాసము వెలువడెను. అది రాజద్రోహమని ప్రభుత్వము అభియోగము తెచ్చెను. తుదకు వారికి మూడు సంవత్సరముల కారాగారశిక్ష పడెను. వెల్లూరు చెఱసాలలో ఆ యువకుడు సామాన్య నేరస్థులతోపాటు కష్టముల ననుభవించెను. ఆంధ్రులలో తొలి రాజకీయ ఖైదీ యని వీరిని పేర్కొందురు.

చెఱ వీడి వచ్చిన వెనుక మఱియొక శిక్ష కాచుకొని యుండెను. రాజద్రోహి యని పేరుపడిన వానిని చేరదీయుటకు జనులు జంకిరి. పూర్వము మెచ్చుకొన్నవారే మొగము చాటువేయసాగిరి. అట్టి సమయమున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు వారిని ఆదరించి మండలి పనులలో నిలిపిరి. పిమ్మట రావుగారు ఆంధ్రపత్రికకు సంపాదకత్వము వహించిరి. హోంరూలు ఉద్యమమున పనిచేసిరి. 1927 నుండి కొంతకాలము మద్రాసు శాసనమండలి సభ్యులుగా నుండిరి.

ఇన్ని పనులు చేసినవారికి ఒక్క సందేహము మాత్రము తీఱలేదు. పత్రిక వ్రాయుట సరియే, చదువువా రెందఱు? 1931 జనాభా లెక్కలలో దేశమునందలి అక్షరాస్యులు నూటికి పదిమందియైనను లేరు. స్వరాజ్యము వచ్చినను, దస్తావేజుపై ఏమి వ్రాసియున్నదో తెలియక వ్రేలిముద్ర వేయు రైతునకు ఆ స్వరాజ్యము ఎట్లు దక్కును? చట్టము నెఱుగనివానిని కరణము భయపెట్టును; లెక్క నెఱుగనివానిని వడ్డీవ్యాపారి ముంచును. ఈ చిక్కునకు రెండు మందులు కలవు. ఒకటి పెద్దలకు చదువు నేర్పుట. రెండవది నేర్చిన చదువు మఱవకుండ ఊరూర పుస్తకములను అందుబాటున నుంచుట. తమ జీవితపు ఉత్తరార్ధమును రావుగారు ఈ రెండు పనులకే ధారవోసిరి.

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము అప్పటికే వేళ్ళూనియుండెను. 1914 ఏప్రిల్ మాసమున బెజవాడలోని రామమోహన గ్రంథాలయమున గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. ఆ సభకు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షులు. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ యుద్యమమునకు ప్రాణము. ప్రభుత్వము పూనుకొని పెట్టినవి కావు ఆ గ్రంథాలయములు, ఊరివారే పెట్టుకొన్నవి. పదిమంది యువకులు కూడి ఒక సంఘముగా నేర్పడుదురు. ఒకరిని అధ్యక్షునిగా, ఒకరిని కార్యదర్శిగా ఎన్నుకొందురు. గుడి మంటపమో, సత్రపు వసారాయో, ఎవరైన దయతో నిచ్చిన గదియో వారికి నెలవు. నెలకు ఒక అణా, రెండణాలు చందా. చదువు వచ్చినవాడు సాయంకాలమున పత్రికను బిగ్గరగా చదువును. రానివారు చుట్టును కూర్చుండి విందురు. జీతము పుచ్చుకొనువా డొక్కడును లేడు.

ఇతర ప్రాంతములలో ఈ సేవ చిత్రవిచిత్ర రూపములు దాల్చెను. తంజావూరు మండలములోని మన్నారుగుడిలో 1931 లో పుస్తకములను ఎడ్లబండిపై గ్రామములకు చేర్చిరి. 1935 లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును నడిపిరి. కాలువగట్టు గ్రామములవారు పడవ వచ్చు దినమునకై ఎదురుచూచి పుస్తకములు తీసికొనెడివారు. కాలువలు లేని రాయలసీమలో పుస్తకమునకు బండిబాట, కాలిబాటలే గతి.

సంఘమును పెట్టుట సులభము, నిలుపుట కష్టము. ప్రారంభోత్సవమునాడు ఊరంతయు వచ్చును. తోరణములు కట్టుదురు, ఉపన్యాసము లిత్తురు, చందాల పట్టికలో పెద్ద యంకెలు పడును. ఆరునెలలు గడచునప్పటికి చందా వసూలునకు కార్యదర్శి యొక్కడే వీధులు తిరుగవలెను. తీసికొనిపోయిన పుస్తకము తిరిగి రాదు. దీపమునకు చమురు కఱవగును. కార్యదర్శికి పెండ్లి యైనను, పొరుగూర పని దొరికినను తలుపునకు తాళము పడును. రాయలసీమలో వాన తప్పిన యేట అణా చందాయును బరువే. గ్రంథాలయములు జాతీయభావములను వ్యాపింపజేయునను అనుమానముతో ప్రభుత్వము వానిపై కన్నువేసి యుంచెను. కార్యకర్తలలో పలువురు స్వాతంత్ర్యోద్యమమున చెఱసాలలకు పోయిరి. ఇట్లు ఎన్నియో గ్రంథాలయములు పుట్టిన కొలదికాలమునకే మూతపడెను.

అట్టి ఉద్యమమునకు హరిసర్వోత్తమరావుగారు పెద్దదిక్కై, సంఘమునకు అనేక సంవత్సరములు అధ్యక్షులుగా నుండిరి. పాతూరి నాగభూషణముగారు కార్యదర్శిగా వారికి కుడిభుజమైరి. అధ్యక్షపదవి యనిన పూలదండలు వేయించుకొనుట కాదు. వచ్చిన యుత్తరములకు బదులు వ్రాయవలెను. అణాపైసల లెక్క చూపవలెను. మూతపడిన చోట మరల తలుపు తెఱపింపవలెను. ఒకరిపై నొకరు అలిగిన కార్యకర్తలను కూర్చవలెను. రాజద్రోహ నేరమున సంకెళ్ళు మోసిన వీరునకు ఈ పని చిన్నదిగా తోచి యుండవచ్చునని మన మనుకొందుము. కాని వారట్లు తలపలేదు. చెఱసాలకు పోవుటకు ఒక్కమాఱు ధైర్యము చాలును; సంఘమును నడుపుటకు ప్రతిదినమును ఓర్పు కావలెను. ఆ రెండును వారియందు కలవు. వయోజనవిద్యను గ్రంథాలయముతో జతచేసి, అక్షరము నేర్చిన కూలికిని, రైతునకును పుస్తకము చేత పెట్టవలెనని వారు పాటుపడిరి.

స్వచ్ఛందసేవ ఎంత గొప్పదైనను దానిపైననే గ్రంథాలయము ఆధారపడిన యెడల ధనికుల యూళ్ళలో మాత్రమే నిలుచును. బీదయూళ్ళకు పుస్తకము చేరదు. ఇంగ్లండు దేశమున 1850 లోనే గ్రంథాలయములకై పన్ను వేయుటకు పురపాలక సంఘములకు అధికార మిచ్చు చట్టము వచ్చెను. మన దేశమున బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడు తన సంస్థానమంతటను గ్రంథాలయములు నెలకొల్పెను. అట్టి చట్టము మనకును కావలెనని గ్రంథాలయ సేవకులు ఏండ్ల తరబడి కోరుచుండిరి. గ్రంథాలయశాస్త్ర నిపుణులగు ఎస్. ఆర్. రంగనాథన్‌గారి కృషియు దీనికి తోడ్పడెను. ఫలితముగా 1948 లో మద్రాసు ప్రజాగ్రంథాలయముల చట్టము పుట్టెను. స్వతంత్ర భారతమున ఇట్టి చట్టములలో ఇదియే మొదటిది.

ఆ చట్టము ప్రకారము ఇంటిపన్ను, ఆస్తిపన్నులలో ప్రతి రూపాయికి ఆరు పైసలు గ్రంథాలయపు పన్నుగా వసూలు చేయవలెను. అప్పుడు అణాకు పండ్రెండు పైసలు. అనగా నాలుగు రూపాయల పన్ను చెల్లించు గృహస్థుడు గ్రంథాలయమునకై రెండణాలు చెల్లించును. అది ఒకప్పుడు కార్యదర్శి వీధివీధి తిరిగి అడిగి తెచ్చిన చందాకు సమానమే! భేద మొక్కటి: చందా దయాధర్మము, పన్ను అందఱి బాధ్యత. చందా ఇచ్చినవానికే పుస్తకము దక్కెడిది. పన్నుతో నడచు గ్రంథాలయమున ఏమియు ఇచ్చుకొనలేనివానికిని హక్కు కలదు. ఊరి యువకులు ముందుగా నడిపి చూపనిచో ఇట్టిది సాధ్యమని ప్రభుత్వమునకు తోచియుండునా?

రావుగారికి తమ సీమపై అభిమానము మెండు. 1928 లో నంద్యాలలో జరిగిన ఆంధ్రమహాసభ సందర్భమున దత్తమండలము లను పేరు తొలగి రాయలసీమ యను పేరు వచ్చెను. ఒక పాలకుడు మఱియొక పాలకునకు దత్తము చేసిన భూమి యను పేరునకు బదులు, కృష్ణదేవరాయల కాలమును తలపించు పేరు దక్కుట ఆ ప్రాంతపు ప్రజలకు గౌరవకారణ మయ్యెను. 1953 అక్టోబరు 1 వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు రావుగారి జన్మస్థలమగు కర్నూలే దానికి రాజధాని యయ్యెను. అప్పటికి వారు డెబ్బదియేండ్ల వృద్ధులు.

1960 ఫిబ్రవరి 29 వ తేదీన హరిసర్వోత్తమరావుగారు పరమపదించిరి. ఆ సంవత్సరముననే ఆంధ్రప్రదేశ్ ప్రజాగ్రంథాలయముల చట్టము వచ్చి, రాష్ట్రమంతటికిని ఒకే గ్రంథాలయ విధానము ఏర్పడెను. విజయవాడలో గ్రంథాలయ సంఘమువారి భవనమునకు సర్వోత్తమ భవనమని వారి పేరే పెట్టబడెను.

దేశసేవ యనగా మహాసభలలో ప్రసంగించుటయే యని కొందఱు తలంతురు. రావుగారి జీవితము వేఱొక మార్గమును చూపుచున్నది. ఉద్యోగము పోయినను, చెఱ ప్రాప్తించినను చలింపని ఆ మహనీయుడు, పల్లెటూరి గదిలో సాయంకాలము దీపము వెలిగించి పత్రిక చదువు పేరులేని యువకుని సేవను తన సేవకంటె తక్కువగా చూడలేదు. ఊరి పదిమందికి పనికివచ్చు సంఘమును పెట్టి, దాని లెక్కలు నిజముగా వ్రాసి, తన వెనుక మఱియొకనిని నిలిపి పోవువాడే నిజమైన పౌరుడు. మీ యూరి గ్రంథాలయపు గుమ్మమున అడుగిడునపుడు, ఆ తలుపు తాళము పడకుండ కాచిన వారిని ఒక్కమాఱు తలచుకొనుడు.