వాక్యపు వెలుగులో నడిచిన క్లౌ దొరగారు



మన ప్రాంతములో కొందరు విశ్వాసులకు ఒక అలవాటు ఉన్నది. పిల్లకు సంబంధము ఖాయము చేసుకొనే ముందు, పొలము కొనే ముందు, కళ్ళు మూసుకొని బైబిలు తెరుస్తారు. వ్రేలు ఏ వచనము మీద పడితే అదే దేవుడిచ్చిన జవాబు అనుకొంటారు. అట్లు తీసిన వచనమునకు అర్థము చెప్పమని నా దగ్గరకు వచ్చినవారు ఒకరిద్దరు కాదు. ఒక తల్లి తెరచిన చోట వంశావళి వచ్చింది. ఆ పేర్లలో తన కూతురి పెండ్లి సంగతి వెదకలేక ఆమె రెండు రోజులు అన్నము మానుకొన్నది. ఆమె విశ్వాసమును నేను తక్కువ చేయను. అయితే దేవుని వాక్యము దీపమని నూట పందొమ్మిదవ కీర్తన చెప్పినది గాని, సోదె అని చెప్పలేదు. దీపము ఎట్లు దారి చూపుతుందో వివరించమంటే వేదాంత కళాశాలలో నేర్చుకొన్న మాటలు చాలా చెప్పగలను. వాటికంటె ఒక మనిషి జీవితమును చెప్పుట మేలని తోచింది. ఆయన ఒంగోలు క్లౌ దొరగారు.

డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌ మన డయోసీసువారు కారు, అమెరికన్ బాప్టిస్టు మిషనుకు చెందినవారు. నంద్యాల, కలసపాడు వైపున యస్.పి.జి. మిషనువారు పని చేసిన ఆ దినములలోనే ఆయన ఒంగోలు నుండి కంభము, మార్కాపురము వరకు గుడారము వేసుకొంటూ తిరిగారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. ఒంగోలు, దర్శి, పొదిలి నెల్లూరు జిల్లాలోను, మార్కాపురము, కంభము కర్నూలు జిల్లాలోను ఉండేవి. మన శతవార్షిక సంచికలో ఆయనకు చోటేమిటని ఎవరైనా అడిగితే, మీ తాతముత్తాతలు మొదట ఎవరి నోట సువార్త విన్నారో ఇంటి పెద్దలను అడిగి చూడమని నా జవాబు.

ఆయన 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో జన్మించారు. కుటుంబము పడమటి రాష్ట్రములకు వలస పోయింది. వయసు వచ్చీ రాకముందే భూమి సర్వే చేసే బృందములో చేరి, మిన్నెసోటా అడవులలో గొలుసు పట్టుకొని గీతలు గీసి హద్దులు వేసే పని నేర్చుకొన్నారు. ఆ పిమ్మట ప్లీడరు కావలెనను కోరికతో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న బర్లింగ్టన్ పట్టణములో చదువుకు చేరారు. మత విషయముల మీద ఆయనకు ఆసక్తి లేదు. గదిలో ఉన్న తోటి విద్యార్థి మాత్రము ప్రతి రాత్రి బైబిలు చదివి మోకరించి ప్రార్థన చేసేవాడు. అది క్లౌ గారికి ఇబ్బందిగా ఉండెను. ఒకనాడు సుద్దముక్క తీసుకొని గది మధ్యను నేల మీద గీత గీశారు. నీ ప్రార్థన, నీ బైబిలు ఆ ప్రక్కనే ఉండవలెను, ఇటు రాకూడదని ఏర్పాటు చేశారు. సర్వేయరు కదా, హద్దు వేయుట చేతనైన పని!

ఆ స్నేహితుడు వాదించలేదు, తగవు పెట్టుకోలేదు. గీతకు అవతల తన పని తాను చేసుకొంటూ పోయాడు. చివరకు గీత దాటి అవతలకు వెళ్ళి మోకరించినవారు క్లౌ గారే. 1858లో బాప్తిస్మము పొందారు. లా చదువు వెనుకబడింది. కొంతకాలము క్రైస్తవ పుస్తకములు అమ్ముతూ ఊరూర తిరిగారు.

ఇక్కడ జూయెట్ దొరగారి సంగతి చెప్పక తప్పదు. లైమన్ జూయెట్ 1849లో నెల్లూరు వచ్చారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆయన, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు, మొత్తము ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కి, ఆ ఊరికి ఒక సేవకుని పంపమని ప్రార్థించారు. ఆ కొండనే ఇప్పుడు ప్రార్థన కొండ అంటున్నాము. పూర్తి బైబిలు తెలుగులో మొదట అచ్చయినది కూడ ఆ 1854లోనే. అంతకు నూరేండ్లకు పూర్వమే షుల్జ్ అను జర్మను మిషనరీ తెలుగులోనికి తర్జుమా చేసినను అది వ్రాతప్రతిగానే ఉండిపోయింది. పుస్తకము వచ్చింది గాని చదివి వినిపించుటకు ఒంగోలులో మనుష్యుడు లేడు. నెల్లూరు పనిలో ఫలము కనబడలేదని మిషను పెద్దలు దానిని మూసివేయుటకు పలుమారులు ఆలోచించారు. 1862లో జబ్బుపడి స్వదేశము వెళ్ళిన జూయెట్ గారు, మీరు పంపకపోయినా నేను ఒంటరిగానైనా తిరిగి వెళ్ళి తెలుగువారి మధ్యనే చనిపోతానని పట్టుపట్టారు. అంత పట్టుదల ఉన్న ముసలాయనను పాతిపెట్టుటకైనా ఒకడు తోడు ఉండవలెనని పెద్దలు అన్నారట. అట్లు తోడు వచ్చినవారే క్లౌ దంపతులు. 1864 చివర ఓడ ఎక్కి 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలులో కాపురము పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడినది.

వారు వచ్చునాటికే మన వైపున ఒకరు ఎదురు చూస్తూ ఉన్నారు. ఒంగోలుకు పడమర సుమారు నలభై మైళ్ళ దూరములోని తాళ్ళకొండపాడు వాస్తవ్యులు యెర్రగుంట్ల పేరయ్యగారు. మాదిగ కులస్థులు, తోళ్ళ వ్యాపారము చేసేవారు. దేవుని వెదకుచు గురువులను ఆశ్రయించి యోగము అభ్యసించిన మనిషి. వ్యాపారము మీద ఉత్తర దిక్కుకు వెళ్ళినప్పుడు ఏలూరులో సువార్త విన్నారు. 1866లో భార్యతో కూడ ఒంగోలులో బాప్తిస్మము పొంది, తన బంధువుల మధ్యకు వెళ్ళి తానే ప్రకటించసాగారు. 1867 జనవరిలో క్లౌ దొరగారు తాళ్ళకొండపాడు వెళ్ళి ఐదు రోజులు బస చేస్తే, 28 మంది బాప్తిస్మమునకు సిద్ధముగా ఉన్నారు. దొర వచ్చి మన ప్రాంతమును వెలిగించెనని చెప్పుకొనేవారు ఈ క్రమమును మరచిపోకూడదు. దీపము మన ఊరికి మొదట తెచ్చినది తోళ్ళు మోసిన చేయి.

అసలు చిక్కు అప్పుడే వచ్చినది. ఒంగోలులో క్లౌ దంపతులు బ్రాహ్మణుల, వైశ్యుల పిల్లలకు బడి నడుపుచుండిరి. పిల్లలు చక్కగా చదువుచుండిరి. వారి తల్లిదండ్రులు కూడ మర్యాదగా ఉండిరి. పై కులములవారు ముందు వస్తే క్రింది కులములవారు తమంతట తామే వస్తారని ఆ కాలపు మిషనరీలలో చాలామంది అభిప్రాయము. ఇంతలో పల్లెల నుండి మాదిగలు గుంపులుగా వచ్చి బాప్తిస్మము అడగసాగారు. వీరిని చేర్చుకొంటే మా పిల్లలను బడి మాన్పిస్తామని పై కులములవారు కబురు పంపారు. దొరగారికి ఏమి చేయుటకు తోచలేదు. బడి పోతే పట్టణములో పలుకుబడి పోతుంది. మాదిగలను త్రిప్పి పంపుటకు మనస్సాక్షి ఒప్పుకొనదు.

ఆయన తన గదిలోనికి వెళ్ళారు. పంచిపెట్టుటకు బైబిలు సొసైటీ నుండి వచ్చిన క్రొత్త నిబంధనలు అక్కడ దొంతిగా ఉన్నవి. ఒకటి చేతికి తీసుకొంటే, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము తెరుచుకొన్నది. ఇరువది ఆరవ వచనము నుండి చదివారు. లోకము గొప్పవారని ఎంచినవారిని గాక, ఎన్నికలేనివారిని దేవుడు పిలిచాడని అపొస్తలుడు వ్రాసిన భాగము అది. కొంతసేపటికి దొరసానిగారు అదే చిక్కు గురించి మాటలాడుటకు వచ్చారు. తన గదిలో తాను విడిగా చదువుకొన్న భాగము గూర్చి చెప్పారు. అది కూడ ఆ అధ్యాయమే.

పుస్తకము దానంతట అదే తెరుచుకొన్నది కదా, మరి మేము కళ్ళు మూసుకొని తెరచుటలో తప్పేమిటని మీరు అడుగవచ్చును. ఒక తెలివైన సండే స్కూలు విద్యార్థి నన్ను అడిగాడు కూడ. నేను చెప్పినది ఇది: ఆ భాగము క్లౌ గారికి కొత్తది కాదు. ఏండ్ల తరబడి చదివినదే. ఆనాడు అది ఆయన కోరినదానికి వ్యతిరేకముగా మాటలాడినది. బడి నిలుపుకో అను వచనము దొరికి ఉంటే మనము దానిని అనుమానించవలసియుండును. మనకు ఇష్టమైన జవాబు వచ్చేవరకు పుటలు త్రిప్పుట వేరు, ఇష్టములేని జవాబు వచ్చినప్పుడు పుస్తకము మూయకుండుట వేరు. వారిద్దరు మూయలేదు. మాదిగలను చేర్చుకొన్నారు. బడి నుండి పై కులముల పిల్లలు వెళ్ళిపోయారు. మర్యాదలు తగ్గిపోయినవి.

చేరినవారికి దొరగారు పెట్టిన కట్టుబాట్లు మూడు. ఆదివారము పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసము తినకూడదు, విగ్రహములకు మ్రొక్కకూడదు. వినుటకు సులభమే. కాని జాతరలో డప్పు కొట్టుట ఆ దినములలో మాదిగవారి మీద ఊరు పెట్టిన బాధ్యత. కొట్టము అంటే ఊరివారి కోపము, దెబ్బలు, పని పోవుట. చదువురానివారు, పుస్తకము ముట్టి ఎరుగనివారు, విన్న వాక్యమును పట్టుకొని నిలబడ్డారు. మా నాయనమ్మకు కూడ అక్షరము రాదు. కొండ మీద ప్రసంగము మాత్రము ఒక్క మాట పోకుండ చెప్పేది. నేను చూచి చదివేటప్పుడు మాట తప్పితే దిద్దేది.

1876లో ధాత కరువు వచ్చింది. క్లౌ గారు మళ్ళీ సర్వేయరు అయ్యారు. కరువు పనిగా త్రవ్వించుచున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము కంట్రాక్టుకు తీసుకొని, వేలమందికి కూలి ఇప్పించారు. బోధకులు మేస్త్రీలుగా ఉండి, విశ్రాంతి వేళ కూలీల మధ్య కూర్చొని వాక్యము చెప్పేవారు. ఎక్కువగా చెప్పినది మత్తయి పదకొండవ అధ్యాయము ఇరువది ఎనిమిదవ వచనమట. బరువు మోయువారిని దగ్గరకు రమ్మను ఆ పిలుపు తల మీద మట్టి గంప ఉన్నవారికి వ్యాఖ్యానము లేకుండనే తెలిసినది.

కరువు కాలములో ఎందరు అడిగినను ఏడాదికి పైగా ఆయన ఎవరికీ బాప్తిస్మమీయలేదు. కూటి కొరకు కలిసినారని రేపు ఎవరూ అనకూడదని ఆయన తలంపు. కరువు సహాయపు డబ్బు అయిపోయిన పిమ్మట, 1878 జూన్‌లో, ఒంగోలుకు ఉత్తరముగా సుమారు పది మైళ్ళ దూరమున గుండ్లకమ్మ ఒడ్డునున్న వేలంపల్లికి పాత క్రైస్తవులను మాత్రమే రమ్మని కబురు పెట్టారు. కొత్తవారు కూడ వేలుగా వచ్చారు. ఇక ఇచ్చుటకు నా దగ్గర ఏమియు లేదని చెప్పినా వారు కదలలేదు. బోధకులు ఏ ఊరి నుండి ఎవరు వచ్చారో పేరు పేరున విచారించారు. జూలై 3న ఒక్క దినమందే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నదిలో దిగి ఇచ్చారు. ఆ దినము దొరగారు ఒక్కరికి కూడ తన చేతితో ఇవ్వలేదు. ఏడాది చివరకు లెక్క 9,606కు చేరినది.

ఇంతమందికి చదువు చెప్పుట, కాపరులను సిద్ధపరచుట తరువాత చాకిరి. అందులో సగము మిగిలిపోయిందని చెప్పుటలో ఆయనకు అవమానము లేదు. 1872లో మొదలైన రామపట్నము వేదాంత పాఠశాల ఆ పనికి ఆధారమైనది. 1890లో అమెరికా వెళ్ళి మరి కొందరు మిషనరీల కొరకు, నిధుల కొరకు ఊరూర తిరిగారు. భార్య 1893లో గతించారు. దొరగారు 1910 నవంబరులో అమెరికాలోని రోచెస్టరు నగరములో ప్రభువునందు నిద్రించారు. ఒంగోలులోని క్లౌ ఆసుపత్రి ఆయన పేరట కట్టినదే.

ఒక మాట దాచకుండ చెప్పవలెను. మాదిగలు ముందు చేరినందున మాలలు చాలా కాలము దూరముగా ఉన్నారు. తరువాత వచ్చినా ఆ దూరము కొన్ని చోట్ల మందిరములోనికే వచ్చింది. నేను మూడేండ్లు కాపరిగా ఉన్న ఒక పల్లెలో మందిరము ఒక్కటే, బల్ల ఒక్కటే. కాని ఒక పాలెమువారు కుడి చాపల మీద, రెండవ పాలెమువారు ఎడమ చాపల మీద కూర్చొనేవారు. మధ్యను ఏ సుద్దగీతా లేదు, అయినా చిన్నపిల్లలు కూడ దాటేవారు కారు. నేను దాని మీద ప్రసంగించవలెనని మూడేండ్లూ అనుకొన్నాను. పెద్దలు నొచ్చుకొంటారని మానుకొన్నాను. క్రిస్మసు కానుకలు తగ్గుతాయని కూడ లోపల ఉన్నది, అది ఇప్పుడు ఒప్పుకొంటున్నాను.

పోయిన నెల ఆ సంఘమువారు తమ మందిర వార్షికోత్సవమునకు నన్ను పిలిచారు. ఏ వాక్యభాగము చదువుతారో ముందుగా తెలియజేయమని వ్రాశారు. కొరింథీయులకు మొదటి పత్రిక, మొదటి అధ్యాయము, 26 నుండి 29 వరకు అని జవాబు వ్రాశాను. కుడి ప్రక్కవారిలో ఒకరు రెండు వచనములు, ఎడమ ప్రక్కవారిలో ఒకరు రెండు వచనములు, ఒకే పుస్తకము పట్టుకొని చదువవలెనని కూడ వ్రాశాను. దానికి ఇంకా జవాబు రాలేదు.