జి. డి. నాయుడు

ఖమ్మమునుండి భద్రాచలమునకు అడవుల నడుమ సాగిపోవు బస్సునందు కూర్చున్న బాలునకు ఆ యంత్రమును విప్పి చూడవలెనను కోరిక కలుగవచ్చును. అట్టి కోరికయే ఒక పల్లెటూరి రైతుబిడ్డ జీవితమును మార్చినది.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరు చెంతనున్న కలంగల్ గ్రామమున, తెలుగు మాటలాడు కుటుంబమున జన్మించెను. ఆయన బడిచదువు ప్రాథమిక తరగతులతోనే ముగిసెను. ఒకనాడు ఒక ఆంగ్లేయ అధికారి మోటారుసైకిలుపై ఆ ప్రాంతమునకు వచ్చెను. ఎద్దులు గాని గుఱ్ఱములు గాని లేకుండ పరుగిడు ఆ బండిని చూచి నాయుడు ఆశ్చర్యమగ్నుడయ్యెను. ఎట్లైనను దానిని సంపాదింపవలెనని నిశ్చయించుకొని, కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డించు పనికి కుదిరెను. కూడబెట్టిన పైకముతో ఆ బండినే కొనెను. కొని ఊరేగలేదు, భాగభాగముగా విప్పి, మరల కూర్చెను. ఆయనకు అదియే కళాశాల.

1920వ సంవత్సరమున స్టేన్సు అను ఆంగ్లేయ వర్తకుని సహాయముతో ఒక బస్సును కొని, పొళ్లాచ్చి పళనిల మధ్య తానే నడపెను. ఆ ఒక్క బస్సు కాలక్రమమున యూనివర్సల్ మోటార్ సర్వీసు అను గొప్ప సంస్థగా పెరిగెను. 1937లో బాలసుందరం నాయుడుతో కలసి స్వదేశమునందే విద్యుత్తు మోటారును నిర్మించెను. పొడి బ్యాటరీతో పనిచేయు క్షౌరయంత్రమును గూడ రూపొందించెను. తాను చదువుకొనకున్నను, 1945లో కోయంబత్తూరున ఇంజనీరింగు విద్యాలయము వెలయుటకు తోడ్పడెను.

కాని ఆయన మనస్సు మొదటి మోటారుసైకిలును మఱవలేదు. కారు అనిన ధనవంతుల సొత్తుగా నుండిన ఆ దినములలో, 1952లో, ఇద్దరు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారును ఆయన సిద్ధపఱచెను. దాని వెల రెండువేల రూపాయలు మాత్రమే! గుమాస్తాలును, ఉపాధ్యాయులును గూడ దానిని కొనవచ్చునని ఆశింపదగియుండెను. అయితే అప్పటికి పరిశ్రమల నియంత్రణ చట్టము అమలునకు వచ్చియుండెను. లైసెన్సు లేనిదే కార్లను తయారుచేయరాదు. ఇనుమును విదేశీ ద్రవ్యమును పొదుపుగా వాడవలసిన కాలమది. ప్రభుత్వము కొలది కర్మాగారములకే అనుమతి నొసగుచుండెను. ఆ జాగ్రత్తకు కారణము లేకపోలేదు గాని, నాయుడు కారు విషయమున అది కఠినమేయైనది. లైసెన్సు లభింపలేదు. కారు తయారీ ఆరంభమునందే ఆగిపోయెను.

నాయుడు 1974 జనవరి 4వ తేదీన మరణించెను. అటుపిమ్మట ముప్పదినాలుగేండ్లకు, 2008లో, సామాన్యుల కొఱకై లక్ష రూపాయల కారు మన దేశమున ప్రకటింపబడెను.