చూచువారి కన్నులలో రవివర్మ

తామరపువ్వుపై నిలిచి, నాలుగు చేతులతో, నిండు చీరకట్టుతో నొప్పు లక్ష్మీదేవి పటము లేని ఇల్లు తెలుగునాట ఒకప్పుడు అరుదు. మన తాతల కన్నులకు ఆ రూపము కట్టించినవాడు రాజా రవివర్మ.

ఆయన 1848 ఏప్రిల్ 29వ తేదీన తిరువాన్కూరు సంస్థానమందలి కిళిమానూరులో జన్మించెను. చిత్రకారుడైన మేనమామ రాజరాజవర్మ తొలి పాఠములు చెప్పెను. పదునాలుగవ యేట తిరువనంతపురము చేరి ఆయిల్యం తిరునాళ్ మహారాజు ప్రాపు పొందెను. 1868లో ఆస్థానమునకు వచ్చిన థియోడోర్ జెన్సన్ అను ఐరోపా చిత్రకారుడు తైలవర్ణముల మర్మము నేర్పుటకు ఇష్టపడలేదు. తాను చిత్రించుచుండగా చూచుటకు మాత్రము అనుమతించెను. రవివర్మ చూచియే నేర్చెను.

1873లో, మల్లెదండ తురుముకొనుచున్న నాయరు స్త్రీ చిత్రము మదరాసులో గవర్నరు స్వర్ణపతకమును, వియన్నా ప్రదర్శనమున బహుమానమును గడించెను. 1893లో షికాగోకు పంపిన చిత్రములకు పతకములు వచ్చెను. ఐనను అచ్చటి నిర్ణేతలు మెచ్చినది ముఖ్యముగా వేషభూషల యథార్థతను. మనవారు చూచినది వేఱు. పాదమున ముల్లు గ్రుచ్చుకొన్నదను నెపముతో వెనుదిరిగి చూచు శకుంతల పటమున దుష్యంతుడు కనబడడు. కాని ఆమె చూపు ఎవరికొఱకో మనకు తెలియును. కథ యెఱిగిన ప్రేక్షకుడు సగము చిత్రమును తానే పూర్తిచేసికొనును. హంస యెదుట దమయంతి, శిశువును నీట విడువబోవు గంగను శంతనుడు వారించు క్షణము, ఇట్టి ఘట్టములనే ఆయన యేరుకొనెను. బరోడా ప్రభువు సయాజీరావు గైక్వాడు పదునాలుగు పురాణచిత్రములను కోరినప్పుడు, ప్రాచీనుల వేషమెట్టిదో తేల్చుటకు తమ్మునితో ఉత్తరదేశ యాత్ర చేసి, తుదకు చీరనే వరించెను. ఆ చిత్రములను బొంబాయిలో ప్రదర్శింపగా జనము తండోపతండములుగా వచ్చెను.

తైలచిత్రము కొను శక్తి అందఱికెక్కడిది? ప్రతులు అచ్చువేయింపుమని దివాను టి. మాధవరావు 1884లోనే సలహా నిచ్చెను. 1894లో బొంబాయి గిర్గాములో ముద్రణాలయము వెలసెను. యంత్రములు జర్మనీనుండి వచ్చెను. పట్టుచీర మడతలపై మెఱుపు, మేనిపై వెలుగునీడల మెత్తదనము మున్నగు మెళకువలు అచ్చులో చాలవఱకు అణగిపోయెను. పండితులు మెచ్చిన నేర్పే పలుచనైనది. జనుల మెప్పు మాత్రము తగ్గలేదు. పటమునకు బొట్టుపెట్టి కర్పూరము వెలిగించిరి. దేవి ముఖము తామెఱిగిన యిల్లాలి ముఖమువలె నుండుటే వారికి చాలెను. వ్యాపారము కలిసిరాలేదు. ముద్రణాలయమును లోనావళా చెంతనున్న మళవలికి మార్చి, పిమ్మట ఫ్రిట్జ్ ష్లైఖర్ అను జర్మను నిపుణునికి అమ్మవలసివచ్చెను.

1906 అక్టోబరు 2వ తేదీన రవివర్మ మరణించెను. అప్పటికే బంగాళమున వేఱు గాలి వీచుచుండెను. ఈ చిత్రములందు నాటకపు భంగిమలే గాని దేవతాభావము లేదని ఆనంద కుమారస్వామి విమర్శించెను. నేలపై మేను వాల్చి తామరాకుపై లేఖ వ్రాయు శకుంతల సోదరి నివేదితకు మర్యాదగా తోచలేదు. ఈ నిందలో కొంత నిజము కలదు. రవివర్మ దేవతలలో కొందఱు రంగస్థలమున తెర లేచుటకై వేచి నిలిచినట్లే యుందురు. కాని విమర్శకులకు లోపమై తోచిన ఆ మానుషత్వమే సామాన్యునికి గుణమైనది. అజంతాను ఆదర్శముగా గొన్న బంగాళపు చిత్రములు విద్వాంసుల గోడల నలంకరించెను. పూజగదులలోనికి అంతగా పోలేదు.

1972లో మళవలి ముద్రణాలయము అగ్నికి ఆహుతియయ్యెను. 1979లో భారతప్రభుత్వము రవివర్మ మూలచిత్రములను జాతీయ కళానిధులుగా ప్రకటించి, అవి దేశము దాటకుండ కట్టడి చేసెను. అచ్చుపటములకు అట్టి రక్షణ అక్కఱలేకపోయెను. క్యాలెండర్లపైనను, అగరువత్తుల పెట్టెలపైనను ఎవరెవరో వానిని మరల మరల గీసిరి. అనేకులు రవివర్మ పేరైనను వేయలేదు.