ఆచార్య నాగార్జునుడు – ఆయుర్వేదసంబంధము

కృష్ణవేణీతీరమునకు కీర్తి తెచ్చిన మహాపురుషులలో ఆచార్య నాగార్జునుడు అగ్రగణ్యుడు. పల్నాటి సీమలోని కొండయు, దానిని చుట్టియున్న జలాశయమును, గుంటూరునకు సమీపమున వెలసిన విశ్వవిద్యాలయమును ఆయన నామమునే ధరించినవి. ప్రత్తియు మిరపయు పండు గుంటూరు, ప్రకాశం సీమలలో ఆయుర్వేదప్రసక్తి వచ్చినపుడు నాగార్జునుని పేరు వినబడుట కద్దు. అయితే జనశ్రుతియందలి నాగార్జునుడు ఒక్కడు కాడు. శూన్యతాసిద్ధాంతమును ప్రతిష్ఠించిన దార్శనికుడు, సుశ్రుతసంహితను ప్రతిసంస్కరించెనని చెప్పబడు వైద్యుడు, పారదమును సాధించిన రససిద్ధుడు – ఈ మువ్వురును ఏకనామము వలన ఏకవ్యక్తిగా భావింపబడిరి. వీరిని వేరుపరచిన పిమ్మట దార్శనికుడైన ఆచార్యునకు వైద్యముతో సంబంధము మిగులునా? మిగిలినచో అది ఎట్టిది? ఆయన చరిత్రమును, గ్రంథములను అనుసరించి ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది.

కాలము – దేశము

ఆచార్యుడు క్రీ.శ. 150–250 సంవత్సరముల నడుమ జీవించెనని పండితులలో పెక్కురు అంగీకరించిరి. ఆయన జీవితమును గూర్చి లభించు ప్రాచీన కథనము చీనా భాషయందున్నది. దానిని 5వ శతాబ్దారంభమున కుమారజీవుడు చీనా దేశీయులకు అందించెను. దాని ననుసరించి ఆచార్యుడు దక్షిణభారతమున బ్రాహ్మణకుటుంబమున జన్మించెను. 14వ శతాబ్దమునకు చెందిన బుస్తోను మున్నగు భోటదేశీయులు ఆయన జన్మభూమి విదర్భయని వ్రాసిరి. జన్మస్థానమునందు భేదమున్నను, ఉత్తరవయస్సున ఆయన శ్రీపర్వతమున నివసించెనని భోట సంప్రదాయము చెప్పుచున్నది. ధాన్యకటక మహాచైత్యమునకు ఆయన ప్రాకారమును నిర్మింపజేసెనని తారానాథుడు 1608లో వ్రాసెను.

నాగార్జునకొండ లోయలో లభించిన ఇక్ష్వాకుల శాసనములు విజయపురీసమీపమున శ్రీపర్వతమును పేర్కొనుచున్నవి. అవి 3, 4 శతాబ్దములకు చెందినవి. వాటియందు ఆచార్యుని నామము కానరాదు. జగ్గయ్యపేటలో లభించిన, సుమారు 6వ శతాబ్దపు లిపిగల శాసనమొకటి మాత్రము చంద్రప్రభుని గురువు జయప్రభుడనియు, జయప్రభుని గురువు నాగార్జునాచార్యుడనియు తెలుపుచున్నది. ఆ కాలమునకే ఈ తీరమున ఆ నామము గురుపరంపరలో పూజ్యమై యుండెనని దీనివలన గ్రహింపనగును.

విద్యాభ్యాసము

బాల్యముననే నాగార్జునుడు వేదములను విని ధారణ చేసెనని కుమారజీవుని కథనము. యౌవనమున ముగ్గురు మిత్రులతో కూడి అదృశ్యవిద్యను కోరి ఒక మంత్రవేత్తను ఆశ్రయించెను. అతడు ఆ విద్యను చెప్పక, నీటితో నూరి కనురెప్పలకు పూసికొనుటకు గుళికల నిచ్చెను. నాగార్జునుడు దానిని నూరుచు, వాసన మాత్రముననే అందలి సుమారు 70 ద్రవ్యములను, వాని పరిమాణములతో సహా నిర్ణయించెనట. గురువు ఆశ్చర్యపడి యోగమును పూర్తిగా ఉపదేశించెను. ఇది చారిత్రకసత్యమని చెప్పుటకు వీలులేదు. కాని ద్రవ్యగుణమును ఎరిగినవాడని ఆయనకు గల ఖ్యాతి ఎంత ప్రాచీనమో ఈ కథ తెలుపుచున్నది.

కథయందలి తరువాయిభాగము విషాదకరము. ఆ నలుగురును అదృశ్యులై రాజాంతఃపురమున ప్రవేశించిరి. రాజు ద్వారములయందు సన్నని ధూళిని చల్లించెను. అడుగుల జాడలు కనబడగా భటులు గాలియందు ఖడ్గములను త్రిప్పిరి. మిత్రులు మువ్వురును హతులైరి. రాజునకు అత్యంతసమీపమున నిలిచి నాగార్జునుడొక్కడే బ్రతికెను. కామమే దుఃఖమూలమని ఆ క్షణమున గ్రహించి, అచ్చటినుండి వెడలి, ఒక పర్వతచైత్యమున ప్రవ్రజ్యను స్వీకరించెను. 90 దినములలో త్రిపిటకములను అభ్యసించి, తృప్తి చెందక దేశాటనము చేసెను. తుదకు మహానాగుడు ఆయనను సముద్రమునందలి తన భవనమునకు తీసికొనిపోయి వైపుల్యసూత్రములను చూపెనని కథ ముగియుచున్నది.

శాతవాహనునితో మైత్రి

నాగార్జునుడు శాతవాహనరాజునకు హితుడైయుండెనని పలు సంప్రదాయములు ఏకకంఠముగా చెప్పుచున్నవి. ఆ రాజు యజ్ఞశ్రీ శాతకర్ణియని పెక్కుమంది చరిత్రకారుల అభిప్రాయము. రాజునకు వ్రాసిన సుహృల్లేఖను భారతదేశమున విద్యార్థులు కంఠస్థము చేయుచుండిరని 7వ శతాబ్దమున ఇత్సింగు వ్రాసెను. రాజునుద్దేశించినదే రత్నావళి అను మరియొక గ్రంథము. దాని సంస్కృతమూలము కొంతభాగము మాత్రమే లభించినది; తక్కినది భోట, చీనా భాషానువాదముల వలన తెలియుచున్నది.

ప్రకృతవిషయమునకు రత్నావళియందలి మూడవ పరిచ్ఛేదము ముఖ్యాధారము. అందు రాజధర్మమును చెప్పుచు ఆచార్యుడు వృద్ధులకు, బాలురకు, రోగులకు ఉపశమనము కలుగునట్లు రాజ్యమందంతట వైద్యులను, క్షురకులను నియమింపుమని బోధించెను. బాటసారులకు చలిపందిళ్లను ఏర్పరచి, అందు పాదరక్షలు, గొడుగులు, నీరు వడకట్టు సాధనములు, ముల్లు తీయు శ్రావణములు, సూదులు, దారము, విసనకఱ్ఱలు ఉంచుమనెను. త్రిఫలములు, త్రికటువు, నేయి, తేనె, నేత్రాంజనము, విషహరౌషధములు సిద్ధముగా నుంచి, ఔషధయోగములను, మంత్రములను వ్రాయించి పెట్టుమనెను.

ఈ పట్టిక సామాన్యమైనది కాదు. కరక్కాయ, తానికాయ, ఉసిరిక – ఇవి త్రిఫలములు. శొంఠి, పిప్పలి, మిరియము – ఇవి త్రికటువు. కటురసము వాయ్వగ్నిభూయిష్ఠమగుటచే దీపనమును, కఫహరమును అగునని వైద్యశాస్త్రము. నేడు గుంటూరు సీమకు ప్రసిద్ధిని తెచ్చిన మిరపకాయ ఆచార్యుడు ఎరుగనిది. అది 16వ శతాబ్దమున పోర్చుగీసువారి వెంట ఈ దేశమున ప్రవేశించినది. అంతకు పూర్వము కటురసమునకు ప్రధానాశ్రయము త్రికటువే. ఇక ప్రత్తి చిరపరిచితము. వ్రణబంధనమునకు తగిన వస్త్రములలో కార్పాసమును సుశ్రుతుడు పేర్కొనెను.

ఆ పట్టికలో పారదము లేదు, స్వర్ణకరణము లేదు. ఉన్నవన్నియు దారిన పోవు బీదవానికి వెంటనే ఉపకరించు వస్తువులు. ఆచార్యుని వైద్యసంబంధమునకు ఆయన స్వీయగ్రంథమునందే లభించు ప్రమాణమిది.

భూతవిచారము – దేహప్రకృతి

పృథివి, అప్పు, తేజస్సు, వాయువు, ఆకాశము – ఈ ఐదింటి సమవాయమే దేహమని ఆయుర్వేదము. వాయ్వాకాశముల వలన వాతము, తేజస్సు వలన పిత్తము, పృథివ్యప్పుల వలన కఫము ఏర్పడును. శుక్రశోణితసంయోగకాలమున ఏ దోషము ఉత్కటమగునో దాని ననుసరించి మానవుని ప్రకృతి నిర్ణయమగునని సుశ్రుతుడు చెప్పెను. ఏకదోషజములు మూడు, ద్వంద్వజములు మూడు, సమదోషజము ఒకటి – వెరసి ప్రకృతులు ఏడు. కొందరు భూతములను బట్టియు ప్రకృతిని నిర్ణయింతురని చెప్పి, పార్థివప్రకృతి గలవాడు స్థిరమును విపులమునగు శరీరము గలవాడనియు, నాభసప్రకృతి గలవాడు శుచియు చిరజీవియు ననియు ఆ సంహిత వివరించుచున్నది. విషమునందు పుట్టిన క్రిమికి ఆ విషము బాధ కలిగింపనట్లు, సహజమైన ప్రకృతి మానవుని బాధింపదు. ఆ ప్రకృతి ఆమరణాంతము మారదు.

ఇచట ఒక శంక కలుగును. ఏ పదార్థమునకును స్వభావము లేదని చెప్పినవాడు నాగార్జునుడు. 27 ప్రకరణములు గల మూలమధ్యమకకారికలో ధాతుపరీక్షయను ఐదవ ప్రకరణము కలదు. అందు ఆకాశమును ఉదాహరణముగా గ్రహించి, లక్షణమునకు ముందు లక్ష్యము సిద్ధింపదనియు, లక్ష్యము లేనిదే లక్షణము ప్రవర్తింపదనియు నిరూపించి, తక్కిన ధాతువులకును ఇదే న్యాయమని నిర్ణయించెను. రత్నావళియందును పురుషుడు పృథివి కాడు, జలము కాడు, తేజస్సు కాడు, వాయువు కాడు, ఆకాశము కాడు, విజ్ఞానమును కాడని చెప్పెను. ఒక భూతము తక్కినవి లేక నిలువజాలదని కూడ అచటనే వివరించెను. ఇట్టివాడు భూతములను ఆశ్రయించిన వైద్యమును ఎట్లు ఆదరించెను?

పరిశీలించినచో విరోధము తొలగును. భూతములన్నియు పరస్పరానుప్రవిష్టములని సుశ్రుతశారీరము చెప్పుచున్నది. కేవలపృథివి, కేవలజలము అనునవి వ్యవహారమున లేవు. ఆధిక్యమును బట్టియే పార్థివము, ఆప్యము అను నిర్దేశము. ఇక ఆచార్యుడు నిరాకరించిన స్వభావము ఎట్టిది? హేతువుల వలన పుట్టనిది, పరమును అపేక్షింపనిది, మార్పు లేనిది. వైద్యుడు చెప్పు ప్రకృతి శుక్రశోణితసంయోగమున దోషముల తారతమ్యమున ఏర్పడునది, హేతుజన్యము, సాపేక్షము. ఆమరణాంతము అనువర్తించునది అగుటచే దానిని మారనిదని వైద్యుడు వ్యవహరించెను. కావున నామసామ్యమున్నను అర్థసామ్యము లేదు.

అంతేకాదు. దుఃఖము స్వభావసిద్ధమైనచో దానికి నిరోధము కుదరదు, మార్గము వ్యర్థమగునని ఆచార్యుడు ఆర్యసత్యపరీక్షయందు వాదించెను. ఈ యుక్తిని రోగమునకు అన్వయించినచో వైద్యమునకు మూలమేదో తెలియును. జ్వరము స్వభావసిద్ధమైనచో ఏ కషాయమును దానిని పోగొట్టజాలదు. అది ఆహారము, ఋతువు, దోషకోపము మున్నగు హేతువుల నపేక్షించి పుట్టినది కనుకనే, హేతువులు తొలగినపుడు తొలగును. నిదానపరివర్జనమే చికిత్సయని వైద్యులు చెప్పుటయు ఇందులకే. శూన్యత చికిత్సకు బాధకము కాదు, చికిత్సకు అవకాశమిచ్చునది. శూన్యతనే పట్టుకొని వ్రేలాడువాడు అసాధ్యుడని ఆచార్యుడు హెచ్చరించెను. దానికి వ్యాఖ్యానము వ్రాయుచు చంద్రకీర్తి, దోషములను వెడలించి తాను కడుపున నిలిచిపోయిన ఔషధమును దృష్టాంతముగా చూపిన కాశ్యపపరివర్తమును స్మరించెను.

వైద్యగ్రంథములలో నాగార్జుననామము

సుశ్రుతసంహితకు ప్రతిసంస్కర్త నాగార్జునుడని 12వ శతాబ్దమునకు చెందిన వ్యాఖ్యాత డల్హణుడు వ్రాసెను. ఆ నాగార్జునుడు ఈ దార్శనికుడే యనుటకు డల్హణుని వాక్యమున ఆధారము లేదు. రసేంద్రమంగళము మున్నగు రసగ్రంథముల కర్తయగు నాగార్జునుడు పెక్కు శతాబ్దములకు తరువాతివాడు. సోమనాథమునకు సమీపమున రసవేత్తయగు నాగార్జునుడు తనకు సుమారు 100 సంవత్సరములకు పూర్వముండెనని 11వ శతాబ్దమున అల్బెరూని వ్రాసెను. దానిని విశ్వసించినచో ఆ రసవేత్తకు, శాతవాహనమిత్రునకు నడుమ 700 సంవత్సరములకు పైగా అంతరము కలదు.

వృందుని సిద్ధయోగమున ఒక విశేషము కలదు. పాటలీపుత్రమున స్తంభముపై నాగార్జునుడు వ్రాయించిన నేత్రవర్తియోగము అందు పేర్కొనబడినది. ఇది ఏ నాగార్జునుడో నిశ్చయింపరాకున్నను, ఔషధయోగములను బహిరంగముగా వ్రాయించి పెట్టవలెనను రత్నావళి ఉపదేశమునకు ఈ వార్త అనురూపముగా నున్నది. నాగార్జునకొండ లోయలో దొరకిన శాసనమొకదానియందు విగతజ్వరాలయమను పదము కలదు; అది జ్వరపీడితుల ఆరోగ్యశాలయని పరిశోధకులు కొందరు వ్యాఖ్యానించిరి.

నిర్యాణము

7వ శతాబ్దమున ఆంధ్ర, ధాన్యకటక దేశములను సందర్శించిన హ్యూయన్‌త్సాంగు ఆచార్యుని నిర్యాణకథను వ్రాసెను. ఆయన రసాయనప్రభావమున తానును రాజును దీర్ఘాయుష్మంతులైరి. విహారనిర్మాణమునకు ధనము చాలనపుడు ఔషధజలమును చల్లి శిలలను సువర్ణముగా మార్చెను. దీనినిబట్టి దార్శనికుని చరిత్రమున రసవాదకథ 7వ శతాబ్దమునకే చేరెనని స్పష్టము. రాజు జీవించియున్నంతకాలము తనకు సింహాసనము రాదని యువరాజు విచారపడి, తల్లి ప్రేరణమున ఆచార్యుని కడకేగి శిరస్సును యాచించెను. ఆచార్యుడు కాదనలేదు. తాను మరణించినచో రాజును మరణించునని మాత్రము తెలిపి, ఎండిన రెల్లు ఆకుతో తన కంఠమును ఖండించుకొనెను. ఆ వార్త విని రాజును అసువులు బాసెను.

కథగా గ్రహించినను ఇందు తత్త్వమున్నది. దీర్ఘాయువును సాధించినవానికిని ఆయువు స్వభావసిద్ధము కాలేదు. అడిగినవానికి ఇచ్చివేయుటకు వెనుదీయలేదు.

ఆచార్యుడు తిరిగినదని సంప్రదాయము చెప్పు ఆ లోయయందు 1927–31 సంవత్సరములలో లాంగ్‌హర్స్టు, 1954–60 సంవత్సరములలో ఆర్. సుబ్రహ్మణ్యం త్రవ్వకములను జరిపిరి. అనంతరము లోయ నాగార్జునసాగరమున మునిగినది. ఆ జలము కాలువలవెంట పల్నాటి, ప్రకాశం భూములకు ప్రవహించుచున్నది. రససిద్ధుని కీర్తిని రససిద్ధునకు విడిచినందువలన ఆచార్యునకు కొరతలేదు. చలిపందిరిలో త్రిఫలములను, త్రికటువును, ముల్లు తీయు శ్రావణమును ఉంచుమని రాజును శాసించిన కరుణయే ఆయన వైద్యము. భూతములు పరస్పరాపేక్షములన్న యుక్తియు, మానవులును పరస్పరాపేక్షులన్న ధర్మమును ఆయనయందు ఏకమైనవి. ఈ తీరవాసులు ఆయనను వైద్యునిగా స్మరించుట ఈ అర్థమున సమంజసమే యగును.